గుమ్మటం మెట్ల మీద పావుగంట

పోయిన వారం హన్మకొండలో కళ్ళ డాక్టరుకు చూపించుకుని దిగి వస్తుంటే కరెంటు పోయి లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ ఆగిపోయింది. లోపల నేనూ, ఎవరో ఒక నడివయసు ఆవిడా, ఇద్దరమే. చీకటి కాగానే ఆవిడ రెండు అరచేతులతో తలుపును బాదడం మొదలుపెట్టింది. ఊపిరి ఎగబీలుస్తోంది. నేను ధైర్యవంతుణ్ణేమీ కాను, ఆ సంగతి ముందుముందు మీకే తెలుస్తుంది. కానీ నా ప్రమేయం లేకుండా నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. "పొద్దుగాల ఏం తిన్నరమ్మా?" అన్నాను. ఆవిడ చేతులు ఆగాయి. అనుమానంగా "ఉప్మా" అంది. పల్లీలు వేశారా, జీడిపప్పా అని అడిగాను. పల్లీలే అంది. అల్లం తురిమి వేస్తారా, ముక్కలు కోసి వేస్తారా అనేదాకా వచ్చేసరికి జనరేటరు అందుకుని లిఫ్టు కదిలింది. కిందికి దిగాక ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు ఓ చూపు చూసి గబగబా వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ మాట నాది కాదు, బావది. బావ దాన్ని నాకు చెప్పిన చోటు మన ఊరికి వేల మైళ్ళ దూరంలో, ఇటలీలో, ఫ్లోరెన్స్ అనే ఊళ్ళో, ఒక పెద్ద చర్చి గుమ్మటం లోపల ఉంది.

బావ అంటే నాకు చుట్టమేమీ కాదు. మా కులాలు వేరు, వాడలు వేరు. పరకాల హైస్కూల్లో ఒకే బెంచీ మీద అయిదేళ్ళు కూర్చున్నందుకు కలిసిన వరస. నన్ను సేటు అంటాడు. మా నాన్నకు అప్పట్లో పరకాల బజారులో చిన్న బట్టల దుకాణం ఉండేది కాబట్టి ఆరో తరగతిలోనే నేను సేటునైపోయాను. ఆ బెంచీ మీది మూడో మనిషి మాకంటే రెండేళ్ళు పెద్ద. ఏడో తరగతి మీద మమకారం కొద్దీ దాన్ని మూడుసార్లు చదివి మాకు దక్కాడు. పెద్దవాడు కాబట్టి అన్న. తర్వాత రైల్వేలో గార్డయి, కాజీపేటలో ఇల్లు కట్టుకుని, పచ్చజెండా ఊపీ ఊపీ రిటైరయ్యాడు. నేను మా నాన్న దుకాణంలోనే కూర్చుని, తర్వాత దాన్ని వరంగల్ చౌరస్తాకు మార్చి, మొత్తం నలభై ఏళ్ళు చీరలు విప్పాను, మడతపెట్టాను. బావ బొగ్గుబాయిలో దిగాడు. మీసాలు సరిగ్గా రాని వయసులో దిగినవాడు, జుట్టంతా నెరిశాక బయటికొచ్చాడు. అరవై దాటిన ఏడాది ముగ్గురం అన్న ఇంటి డాబా మీద కూర్చుని ఉండగా ఎక్కడికైనా పోదామన్న మాట వచ్చింది. నేను కాశీ అన్నాను. అన్న రైలు లేని చోటు ఏదైనా సరే అన్నాడు. బావ, భూమి లోపల ఏముందో తను చూసేశాడనీ, ఇక పైన ఏముందో ఒకసారి చూడాలనీ అన్నాడు. అలా మా ఆడవాళ్ళ నవ్వుల మధ్య, హైదరాబాదు నుంచి పోయే ఒక టూరు గుంపులో ఎనిమిది రోజుల ప్రయాణానికి పేర్లిచ్చాం.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. బట్టల దుకాణంలో బతికినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. గడప తొక్కిన మనిషి చెప్పులు చూసి, సంచి చూసి, ఏ అరలో చీర తీయాలో లెక్కగడతాం. అలా నలభై ఏళ్ళు ఎదుటివాళ్ళను తూచినవాడికి, తనను కూడా ఎవరో ఎప్పుడూ తూస్తున్నారన్న అనుమానం పట్టుకుంటుంది. ఇటలీలో దిగిన దగ్గరి నుంచీ నాకు అదే ధ్యాస. బావకు అలాంటి బాధ ఏ కోశానా లేదు. సఫారీ సూటు మీద భుజాన తువ్వాల వేసుకుని తిరిగాడు. రోములో హోటలు బల్ల మీద మామిడికాయ తొక్కు సీసా పెట్టి, వాళ్ళిచ్చిన పాస్తాలో కలుపుకుని, వడ్డించడానికి వచ్చిన పిల్లకు కూడా ఒక ముద్ద రుచి చూపించబోయాడు. ఎక్కడ పాతరాయి కనిపించినా అరచేత్తో తట్టి చూసేవాడు. మన వరంగల్ కిల్లాలో తోరణాల రాయి ముందు ఇది మెత్తన అని తీర్పు చెప్పేవాడు. తన భార్యకు, అంటే మా అక్కయ్యకు, వీడియో కాల్ చేసి, ఆమెకు చెవులు వినపడవన్నట్టు అరిచి మాట్లాడేవాడు. మా గుంపులోని హైదరాబాదు వాళ్ళు మూతులు బిగపట్టి నవ్వుకునేవాళ్ళు. అన్న కూడా నవ్వేవాడు గానీ అది వేరే నవ్వు. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

నాలుగో రోజు ఫ్లోరెన్స్. పొద్దున్నే బస్సు మమ్మల్ని నది పక్కన దించింది. సాయంత్రం నాలుగింటికల్లా మళ్ళీ అక్కడికే రావాలని చెప్పి గైడు మమ్మల్ని వదిలేశాడు. ఆ ఊరు ఎంత బాగుంటుందో చెప్పడం నా తరం కాదు. ఇళ్ళ గోడలన్నీ పసుపు, ఉడికిన చిలగడదుంప రంగు. సందులు సన్నగా ఉంటాయి. వాటిలో తోలు సంచుల వాసన, కాఫీ వాసన. అలా నడుస్తూ నడుస్తూ ఒక మలుపు తిరిగామో లేదో, ఆకాశంలో సగం మూసేస్తూ ఆ చర్చి. తెల్లరాయి, ఆకుపచ్చ రాయి, గులాబీ రాయి కలిపి నేసిన జరీ అంచులా గోడలు, పైన ఎర్ర పెంకుల గుమ్మటం. నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇంతలో వెనక నవ్వులు వినపడి తిరిగాను. చౌరస్తాలో ఒక రాతి కుళాయి దగ్గర బావ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కాళ్ళు కడుక్కుంటున్నాడు. గుడికి పోయే ముందు కాళ్ళు కడుక్కోవడమే కదా, ఆయన లెక్క ఆయనది. ఎవరో ఇద్దరు ఫోన్లు పట్టుకుని తీస్తున్నారు. మా గుంపులోని ఒక పెద్దమనిషి నా వైపు చూసి, మీతో వచ్చినాయనే కదా అన్నాడు.

నాకు ఏమొచ్చిందో, దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, నవ్వు ముఖంతోనే చెప్పాను. "బావా, జర దూరం నడువు. నాతోటి వచ్చినట్టు కనవడకు." బావ నా ముఖంలోకి చూశాడు. తువ్వాలతో కాళ్ళు తుడుచుకున్నాడు. ప్యాంటు కిందికి దించుకున్నాడు. అప్పటి నుంచి నాకు పది అడుగుల వెనక నడవడం మొదలుపెట్టాడు.

ఆ పది అడుగులు నన్ను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. నేను ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు. రాయి తట్టడం మానేశాడు. ఫోను జేబులోంచి తీయలేదు. మా ఇద్దరి మధ్య అన్న రెండు గుంపుల నడుమ తిరిగే మధ్యవర్తిలా అటూ ఇటూ పోయి వచ్చి, ఏమైందిరా మీకని నన్ను అడిగాడు. ఏమీ కాలేదన్నాను. బావను అడిగాడు. బావ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. రెండు గంటలు అలాగే బొమ్మలు చూశాం, వంతెన చూశాం, ఐస్‌క్రీం తిన్నాం. నాకు దేని రుచీ తెలియలేదు. వెనక్కి తిరిగి ఒక్క మాట అంటే అయిపోయేది. ఇంకాసేపు ఆగి అందాం, అన్న చూడనప్పుడు అందాం అనుకుంటూ పోయాను. అనాల్సిన మాట ఆలస్యమైనకొద్దీ బరువెక్కుతుందని దుకాణంలో ఎవరూ నేర్పరు.

గుమ్మటం ఎక్కడానికి ముగ్గురికీ ముందే టికెట్లు తీసి ఉన్నాయి. లిఫ్టు లేదు, నాలుగు వందల పైచిలుకు మెట్లు. అన్న తన మోకాళ్ళను చూపించి, మా సంచులు ఒళ్ళో పెట్టుకుని చౌరస్తాలోని బెంచీ మీద కూలబడ్డాడు. నేను లైనులో నిలబడ్డాను. బావ నా వెనక్కి రాకుండా ఎవరో ఇద్దరు పొడుగాటి దంపతులను ముందుకు పొమ్మని చేత్తో చూపి, వాళ్ళ వెనక నిలబడ్డాడు. అలాగే లోపలికి వెళ్ళాం. మొదటి వంద మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి. రాయి మధ్యలో అరిగి గుంటలు పడి ఉంది. సగం పైకి పోయాక గుమ్మటం లోపలి అంచున ఒక సన్నని వరండాలోకి తేలాం. తల పైకెత్తితే లోపలంతా బొమ్మలు, నరకంలో భటులు మనుషుల్ని శూలాలతో పొడుస్తున్నారు. మామూలుగా అయితే ఆ భటుల గురించి బావ ఏదో ఒకటి అనేవాడు. ఆ దంపతుల వెనక నుంచి తల ఎత్తి చూస్తున్నాడంతే.

ఆ తర్వాత అసలు దారి మొదలైంది. ఆ గుమ్మటం ఒకటి కాదు, ఒకదాని లోపల ఒకటి రెండు. ఆ రెండు గుమ్మటాల మధ్య సందులో మెట్లు ఉంటాయి. పైకి పోయినకొద్దీ గోడలు మన మీదికి వాలుతాయి. భుజాలు రెండు పక్కలా ఇటుకలకు రాసుకుంటాయి. అక్కడక్కడా ఒక చిన్న దీపం, ఎక్కడో ఒక చోట చేయి మాత్రమే పట్టే కిటికీ. అలా ఎక్కుతూ ఉండగా పైన ఎవరో ఆగారు. వాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఆగారు. నేనూ ఆగాను. దిగేవాళ్ళు కొందరు ఎదురొచ్చినట్టున్నారు, ముందు వాళ్ళకు దారిస్తే గాని మేం కదలలేం. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. నా ముందు ఒక లావాటి వీపు, వెనక ఆ దంపతులు, వాళ్ళ వెనక కింద దాకా మనుషులు. పైకి లేదు, కిందికి లేదు. నలభై ఏళ్ళు షట్టరు ఎత్తిన దుకాణంలో రోడ్డు మీది దుమ్ము తింటూ కూర్చున్న మనిషిని నేను. నాకు మూసిన చోటంటే ఇంత భయమున్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. ముందు అరచేతులు తడిశాయి. తర్వాత చెవుల్లో గుయ్యిమని మోత. గోడ ఇంకాస్త వంగినట్టనిపించింది. ఊపిరి తీసుకుంటున్నాను గానీ అది గొంతు దాటి పోవడం లేదు. ఇక్కడే పోతానని నిశ్చయంగా తెలిసింది. ముందున్న వీపును రెండు చేతులతో తోశాను. ఆయన ఏదో భాషలో కోప్పడ్డాడు. వెనక్కి తిరిగి ఆ దంపతులను తోసుకుని దిగబోయాను. ఆవిడ కేక పెట్టింది. నేను ఇంకో అడుగు వేసి ఉంటే ఆ నిటారు మెట్ల మీద ఎంతమందిని పడగొట్టేవాణ్ణో.

అప్పుడు కింది నుంచి బావ గొంతు వినపడింది. "మై ఫ్రెండ్, మై ఫ్రెండ్," అంటూ ఆ దంపతులను గోడకు ఒత్తిగిల్లమని చెబుతూ వాళ్ళ మధ్య నుంచి పక్కకు తిరిగి జారుకుంటూ పైకి వచ్చాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతే. వచ్చి నా రెండు భుజాలు పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాడు. తను నా కింది మెట్టు మీద, నాకు ఎదురుగా, మోకాళ్ళు నా మోకాళ్ళకు ఆనించి కూర్చున్నాడు. నా వీపు మీద ఒక చేయి వేశాడు.

"సేటూ, పొద్దుగాల ఏం తిన్నవ్?"

నేను చచ్చిపోతున్నానని చెప్పాను. చెప్పానో, చెప్పాననుకున్నానో.

"గది తర్వాత. ముందుగాల ఏం తిన్నవో చెప్పు. నిమ్మళంగ చెప్పు."

రొట్టె అన్నాను. రొట్టె మీద ఏం రాసుకున్నావన్నాడు. వెన్న. వెన్న ఉప్పగా ఉందా, చప్పగా ఉందా. ఆలోచించాల్సి వచ్చింది. చప్పగా ఉందన్నాను. ఇంటి దగ్గరైతే ఈ పాటికి ఏం తింటావు, చెల్లె, అంటే మా ఆవిడ, ఏం వండుతుంది, పప్పులో చింతపండు వేస్తదా, మామిడికాయ వేస్తదా. ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి ప్రశ్నకూ జవాబు కోసం నేను వంటింట్లోకి పోయి రావాల్సి వస్తోంది. పోయి వచ్చినప్పుడల్లా కాస్త ఊపిరి తెచ్చుకుంటున్నాను. బావ అరచేయి నా వీపు మీద మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. ఆ చేతిని అనుసరించి నా ఊపిరి నడవడం మొదలైంది.

లైను ఇంకా కదలలేదు. అప్పుడు బావ ఒక సంగతి చెప్పాడు. బావకు ముప్పై ఏళ్ళ కింద బాయిలో ఏదో దెబ్బ తగిలిందనీ, కొన్నాళ్ళు దవాఖానలో ఉన్నాడనీ అప్పట్లో విన్నాను. ఆ ఏడు నేను దుకాణం మార్చే హడావుడిలో ఉండి చూడటానికి పోలేదు. తర్వాత బావా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు చెప్పాడు. పొద్దటి డ్యూటీలో తనూ, జోడీగా పనిచేసే మరిపెడ అనే ఊరి మనిషీ లోపల ఉండగా వెనక కప్పు కూలి దారి మూసుకుపోయిందట. నిలబడేంత జాగా కూడా లేదట. ఒక్క టోపీ దీపం ఉంచుకుని రెండోది ఆర్పేశారట. మరిపెడాయన బాగా భయపడ్డాడట, అచ్చం నాలాగే. అప్పుడు బావ ఆయన్ను ఏం తిన్నావని అడిగాడట. ఆయన తన భార్య వండే పుంటికూర, అదే గోంగూర, గురించి మొదలుపెట్టి ఎంత చెప్పాడంటే, బావకు అంత చీకట్లోనూ నోరూరిందట. అలా మాటల్లో మాట పెట్టుకుంటూ పొద్దంతా గడిపారట. మాపటికి పలుగుల చప్పుడు వినిపించిందట.

"గింత వెలుతురుంటె సాలు సేటూ, మనిషికి ఏం గాదు. ఆయినె నడుసుకుంట బయటికొచ్చి మూడు చాయలు తాగిండు. నువ్వెంత, పావుగంట."

మూడు చాయలా అన్నాను. మూడో దానికి చక్కెర తక్కువైందని లొల్లి కూడా చేశాడన్నాడు బావ. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే గుండె నిండా గాలి పోయింది. అంతలో పైన వరుస కదిలింది. బావ తన తువ్వాల కొనను నా చేతిలో పెట్టి, తను ముందు నడిచాడు. చివరి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. నేను ఆ తువ్వాలను తప్ప దేన్నీ చూడలేదు. పైన ఒక్కసారిగా ఆకాశం. కాళ్ళ కింద ఎర్ర పెంకుల ఇండ్లు, అవతల నది, ఆ అవతల కొండలు. పొద్దున నేనన్న మాటకు ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. బావ కటకటాలు పట్టుకుని దూరంగా చూస్తూ, "గాలి మంచిగున్నది," అన్నాడు. నేను అవునన్నాను. అంతకంటే చేతకాలేదు. దిగేటప్పుడు కూడా తనే ముందు దిగాడు, నాకు ఖాళీ మెట్లకు బదులు తన వీపు కనపడేలా.

కింద బెంచీ మీద అన్న మా సంచులకు కాపలా కాస్తూ నిద్రపోతున్నాడు. లేపి పక్కన కూర్చున్నాను. బావ ఖాళీ సీసా తీసుకుని నీళ్ళకు పోయాడు. ప్రాణం లేచొచ్చినవాడికి ఉండే వాగుడు నాకు పట్టుకుంది. మెట్ల మీద జరిగిందంతా అన్నకు చెప్పాను. పొద్దున నేనన్న మాట కూడా చెప్పేశాను. మరిపెడాయన పుంటికూర, మూడు చాయలు, చక్కెర లొల్లి, అన్నీ చెప్పి నవ్వాను. అన్న నవ్వలేదు. బావ వెళ్ళిన వైపు ఒకసారి చూసి, నా మోకాలి మీద చేయి వేశాడు.

"మరిపెడాయినె నడుసుకుంట రాలే సేటూ. మోసుకొచ్చిన్రు. అప్పుడు నేను ఆడికి పోయి చూసిన."

కప్పు కూలిన కాసేపటికే ఆయన మాట ఆగిపోయిందట. లోపలి దెబ్బ ఏదో తగిలి ఉంది, ఆ దీపం వెలుతురులో తెలియలేదు. బావ చేతిలోనే ఆయన చేయి చల్లబడిందట. అది తెలిసి కూడా బావ అడగడం మానలేదట. తవ్వుకుంటూ వచ్చినవాళ్ళు ఇద్దరూ పోయారనుకుని అలసిపోయి పలుగులు దించిన సమయంలో, రాళ్ళ అవతల నుంచి సన్నగా ఒక గొంతు వినపడిందట. పుంటికూరలో మీ ఆమె ఎన్ని మిరపకాయలు వేస్తదని ఎవరో ఎవరినో అడుగుతున్నారు. ఆ గొంతు పట్టుకుని తవ్వారట, అందుకే బావ దొరికాడట. దవాఖానలో మంచం మీద ఒక్కసారి తనతో ఇదంతా చెప్పాడనీ, వారం రోజులు బావ ఇంకెవరితోనూ మాట్లాడలేదనీ, ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదనీ చెప్పి, మూడు చాయల ముచ్చట తను ఇప్పుడే వింటున్నానన్నాడు అన్న.

బావ నిండు సీసాతో జనంలోంచి నడిచి వస్తున్నాడు. దూరంలో ఆగబోయాడు, పొద్దున నేను గీసిన గీత గుర్తొచ్చినట్టుంది. నేను లేచి ఎదురుపోయి సీసా అందుకున్నాను. నా కళ్ళు చూసి, మళ్ళీ ఊపిరాడడం లేదా అని అడిగాడు. ఆడుతున్నదన్నాను. నది దాకా ముగ్గురం ఒకే వరసలో నడిచాం. సందు ఇరుకైన చోట అన్న ముందుకు పోతే మేమిద్దరం భుజాలు తగులుతూ నడిచాం. ఒక గోడ దగ్గర బావ ఆగి, అరచేత్తో రాయి తట్టి చెవి పెట్టాడు. నేనూ తట్టి చెవి పెట్టాను. పోయేవాళ్ళు ఎవరో నవ్వుకున్నారు.

మరిపెడాయన సంగతి నాకు తెలుసని బావకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, బావ ఆయనకు తాగించిన ఆ మూడు చాయలను లాక్కున్నట్టవుతుందని ఊరుకున్నాను. ఆ మెట్ల మీద మేం ఆగింది పావుగంట కంటే ఎక్కువ ఉండదు. నేను ఆ పావుగంటను దాటి వచ్చి ఎన్నో పనుల్లో పడిపోయాను. బావ మాత్రం ముప్పై ఏళ్ళ నాటి ఆ ఒక్క పొద్దును ఎక్కడికి పోయినా లోపలే మోసుకు తిరిగాడు; అది గడిచిపోయి ఉంటే మెట్ల మీద ఆ మాట నాకు దక్కేది కాదు. పోయిన కాలమంతా పోయినట్టేనని ఈ వయసులో నేనింక అనలేను.